హాన్ కాంగ్‌లో ఏది ముందు చదవాలి? అసలు మీకు నచ్చింది ఎవరో తేల్చుకున్నాక చెప్తాను

2024 అక్టోబరు 10న దక్షిణ కొరియా రచయిత్రి హాన్ కాంగ్‌కి సాహిత్య నోబెల్ ప్రకటన వచ్చిన సాయంత్రం నుంచి నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "ఆవిడవి నువ్వు చదివావుగా, దేంతో మొదలుపెట్టమంటావు?" మొదట్లో అందరికీ ఒకే జవాబు పడేశాను. "ద వెజిటేరియన్ తెప్పించుకో, 200 పేజీలు కూడా ఉండదు" అని. అది తొందరపాటు సలహా. ఒకాయన సగంలో వదిలేశాడు. ఇంకొకావిడ మాత్రం పూర్తిచేసి, ఆ ఊపులో మరో రెండు పుస్తకాలు కొని, నెల తర్వాత ఫోన్ చేసి, "వాక్యాల్లో ఆ మొదటి పుస్తకం రుచి తగల్లేదేంటి?" అని అడిగింది.

ఈ రెండో ఫిర్యాదు నన్ను వదల్లేదు. ఆ రుచి ఎవరిది? కొరియన్‌లో రాసినావిడదా, ఇంగ్లీషులోకి తెచ్చినావిడదా? మనం కొరియన్ చదవలేం. మన చేతికొచ్చేది హాన్ కాంగ్ కథ, డెబొరా స్మిత్ వాక్యం. పులిహోర బాగుందంటే అన్నం బాగుందా, పోపు బాగుందా అని విడదీయడం కష్టమే. అయినా తర్వాతి పుస్తకానికి డబ్బు పెట్టే ముందు ఆ పని చెయ్యక తప్పదు.

ముందు ఇద్దరి ప్రయాణాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

హాన్ కాంగ్ 1970 నవంబరులో గ్వాంగ్జూ నగరంలో పుట్టింది. తండ్రి హాన్ సుంగ్-వన్ పేరున్న నవలాకారుడు, ఇల్లంతా పుస్తకాలే. ఆవిడకి తొమ్మిదేళ్ళప్పుడు, 1980 జనవరిలో, కుటుంబం సోల్‌కి మారింది. నాలుగు నెలలు తిరిగేసరికి వాళ్ళు వదిలి వచ్చిన గ్వాంగ్జూ వీధుల్లో సైన్యం కాల్పులు. యోన్సే యూనివర్సిటీలో కొరియన్ సాహిత్యం చదివి, 1993లో కవితలతో మొదలుపెట్టింది. 1994లో సోల్ షిన్‌మున్ పత్రిక కొత్త రచయితలకి పెట్టే పోటీలో కథకి బహుమతి. 1995లో మొదటి కథల సంపుటి. 2005లో యీ సాంగ్ పురస్కారం, అదీ తర్వాత వెజిటేరియన్‌లో రెండో భాగమైన కథకి. 2007లో మూడు భాగాలూ కలిపి నవలగా వచ్చాయి. మధ్యలో ఏళ్ళ తరబడి కాలేజీలో కథారచన పాఠాలు చెప్పింది. అంటే 2016లో వెజిటేరియన్ అనువాదానికి లండన్‌లో బుకర్ అందుకునే నాటికి ఆవిడ 20 ఏళ్ళకు పైగా రాస్తున్న మనిషి. "రాత్రికి రాత్రే వెలిగిన రచయిత్రి" అన్న మాట ఎక్కడైనా కనిపిస్తే నమ్మకండి.

రాత్రికి రాత్రే అనదగ్గది ఏమైనా ఉంటే అది డెబొరా స్మిత్ కథ. 1987లో ఇంగ్లండ్‌లోని డాన్‌కాస్టర్‌లో పుట్టింది. కేంబ్రిడ్జ్‌లో ఇంగ్లీషు సాహిత్యం. చదువు అయ్యేదాకా ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రాదు. అనువాదకురాలు కావాలనుకుంది. కొరియన్ నుంచి చేసేవాళ్ళు తక్కువ కాబట్టి అందులో పని దొరుకుతుందని లెక్కేసుకుంది. కొరియాతో చుట్టరికం లేదు, స్నేహం లేదు. 2010 ప్రాంతంలో అక్షరాలు దిద్దడం మొదలుపెట్టి, లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఎమ్మే, పీహెచ్‌డీ చేసింది. వెజిటేరియన్ అనువాదం 2015 జనవరిలో పోర్టోబెల్లో బుక్స్ నుంచి వచ్చింది. 2016 మే 16న మాన్ బుకర్ ఇంటర్నేషనల్. అప్పటికి ఆమెకి 28 ఏళ్ళు. ఓడిపోయిన వాళ్ళలో ఎలెనా ఫెరాంటే, ఓర్హాన్ పాముక్ ఉన్నారు.

50,000 పౌండ్ల బహుమతి చెరి సగం. ఒకరిది 20 ఏళ్ళ రాత, ఇంకొకరిది ఆరేడేళ్ళ భాష, వాటాలు మాత్రం సమానం. ఆ ఏడాది నుంచే ఆ బహుమతి ఒక్కో పుస్తకానికి, రచయితకీ అనువాదకులకీ కలిపి ఇవ్వడం మొదలైంది. 2025లో మన పక్కింటి కన్నడ నుంచి రచయిత్రి బాను ముష్తాక్, అనువాదకురాలు దీపా భాస్తి అందుకున్నదీ ఇదే లెక్క ప్రకారం అని మొన్న ఎవరికో చెప్తే ఆశ్చర్యపోయారు. నోబెల్‌లో మాత్రం అనువాదకులకి పైసా వాటా లేదు.

ఇప్పుడు అసలు పేచీ. బుకర్ తర్వాత ఏడాదికల్లా కొరియన్, ఇంగ్లీషు రెండూ తెలిసినవాళ్ళు రెండు పుస్తకాలూ పక్కన పెట్టుకుని వరుసలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇహ్వా మహిళా విశ్వవిద్యాలయంలో ఒక సదస్సులో చదివిన పత్రం ప్రకారం మొదటి భాగంలో 10.9 శాతం తప్పుగా అనువాదమైంది, మరో 5.7 శాతం అసలు వదిలేశారు. ఎక్కువ ఎగతాళికి గురైన పొరపాటు ఒకటుంది. కొరియన్‌లో చేతిని ‘ఫల్’ అంటారు, పాదాన్ని ‘బల్’ అంటారు. మన చెవికి వాటి మధ్య తేడా ఒక ఒత్తంత. ఒకచోట చెయ్యి కాస్తా పాదమై కూర్చుంది. మనం ‘పలం’ అని చదవాల్సింది ‘ఫలం’ అని చదివితే ఎంతో, అంత. కొత్తగా భాష నేర్చుకున్నవాళ్ళెవరైనా జారే చోటే.

దానికంటే నన్ను ఆలోచనలో పడేసింది కర్త గొడవ. కొరియన్ కూడా మనలాగే క్రియని వాక్యం చివర పెడుతుంది. మనలాగే ‘నేను’, ‘ఆమె’ లాంటివి హాయిగా వదిలేస్తుంది. కాకపోతే మనం "చెప్పింది" అంటే ఆడమనిషి, "చెప్పాడు" అంటే మగమనిషి అని క్రియే చెప్పేస్తుంది. కొరియన్ క్రియకి ఆ తోక ఉండదు. చెప్పినది ఎవరో సందర్భాన్ని బట్టి పట్టుకోవాలి. స్మిత్ కొన్నిచోట్ల ఒకరి మాటని ఇంకొకరి నోట్లో పెట్టింది. హాన్ కాంగ్ లాంటి పొదుపరి రచయిత్రి దగ్గర ఇది చిన్న విషయం కాదు. ఎందుకంటే వెజిటేరియన్ అంతా ఎవరు ఎవరి గురించి మాట్లాడుతున్నారన్న దాని మీదే నడుస్తుంది.

ఇక శైలి. మూలం పొడిగా, వట్టిగా ఉంటుందని, స్మిత్ దానికి క్రియావిశేషణాలు తగిలించి, స్వరం పెంచి, నాటకీయం చేసిందని విమర్శ. ఆ విమర్శ చేసిన వాళ్ళే "చదవడానికి అద్భుతంగా ఉంది" అని కూడా ఒప్పుకున్నారు. హాన్ కాంగ్ మాత్రం స్మిత్‌ని వదిలిపెట్టలేదు. అచ్చుకి ముందే చదివి, ఇద్దరూ నోట్సు పంపుకున్నారు. తర్వాత 60కి పైగా తప్పులు దిద్దించారు. ద వైట్ బుక్ కూడా స్మిత్ చేతికే ఇచ్చింది. నేనైతే ఆవిడ పక్షమే. పాదానికి బదులు చెయ్యి అని దిద్దుకోవచ్చు. చచ్చిన వాక్యాన్ని బతికించడం దిద్దుబాటుతో అయ్యే పని కాదు. ఇందుకు నన్ను తిట్టే మిత్రులున్నారు, తిట్టనివ్వండి.

పరీక్ష సులువు. వెజిటేరియన్ ఇంతకుముందే చదివిన వాళ్ళు పుస్తకం మూసి ఒక్క నిమిషం ఆలోచించండి. గుర్తొస్తున్నది ఒక దృశ్యమా, ఒక వాక్యమా? భోజనాల బల్ల దగ్గర తండ్రి కూతురి చెంప మీద కొట్టి, కొడుకునీ అల్లుడినీ చేతులు పట్టుకోమని, నోట్లో తీపి-పులుపు పందిమాంసం ముక్క కుక్కే చోటు మీ కడుపులో ఇంకా తిప్పుతోందా? అయితే మీకు కావాల్సింది హాన్ కాంగ్. ఆవిడ వెంట వెళ్ళండి. అలా కాకుండా కలలో వచ్చే ఆ వాలు అక్షరాల పేరాలు, వాటి లయ, ఇంగ్లీషు అలా వంగడం మీకు నచ్చిందా? అప్పుడు మీకు నచ్చింది చాలావరకు స్మిత్. ఈ రెండో రకం వాళ్ళకి హాన్ కాంగ్ ఇంకో పుస్తకం కంటే బే సూఆ పుస్తకం ఎక్కువ సంతోషాన్నిస్తుంది. బే సూఆ స్వయంగా జర్మన్ నుంచి కొరియన్‌లోకి అనువాదాలు చేసే రచయిత్రి. ఎ గ్రేటర్ మ్యూజిక్ 2016లో, అన్‌టోల్డ్ నైట్ అండ్ డే 2020లో వచ్చాయి. రెండూ స్మిత్ అనువాదాలే. కథ కోసం వెళ్తే చికాకు వస్తుంది, ముందే చెప్తున్నా. వాక్యం కోసం వెళ్తే పండగ.

స్మిత్ వెంట వెళ్ళేవాళ్ళకి ఇంకో దారి కూడా ఉంది. 2015లో ఆమె టిల్టెడ్ యాక్సిస్ ప్రెస్ అని లాభాపేక్ష లేని చిన్న ప్రచురణ సంస్థ పెట్టింది. ఆసియా భాషల పుస్తకాలే ఎక్కువ. సంగీతా బందోపాధ్యాయ బెంగాలీ నవలని అరుణవ సిన్హా అనువాదంలో వేసింది అక్కడే. గీతాంజలి శ్రీ హిందీ నవల డెయిజీ రాక్‌వెల్ ఇంగ్లీషులో టూమ్ ఆఫ్ శాండ్‌గా వచ్చి 2022లో ఇంటర్నేషనల్ బుకర్ గెలిచిందీ అక్కడి నుంచే. అనువాదకురాలిగా ఆమె మీద ఎన్ని అభ్యంతరాలున్నా, భారతీయ భాషలకి ఆ తలుపు తెరిచిన లెక్క కూడా ఆ ఖాతాలోనే వెయ్యాలి.

సరే, హాన్ కాంగ్ వెంట వెళ్ళేవాళ్ళకి.

వెజిటేరియన్ ఇంకా చదవలేదా? తెలుగు ఇంట్లో పెరిగినవాళ్ళకి రెండు హెచ్చరికలు. మా పిన్ని బల్ల మీద ఆ పుస్తకం చూసి "మనవాళ్ళ గురించా?" అంది. నవ్వుకున్నాను గానీ, ప్రశ్నలో చాలా ఉంది. మనకి శాకాహారం పుట్టుకతో వచ్చే విషయం, కులం, గుడి, శనివారం, కార్తీకమాసం. అక్కడ యంగ్-హే అనే ఇల్లాలు ఫ్రిజ్‌లోని మాంసం మొత్తం తీసి పారేయడం తిరుగుబాటు. కొరియన్ పేరులో ‘వాది’ అనే అర్థమిచ్చే ముక్క ఉంది, ‘శాకాహారవాది’ అన్నట్టు. ‘శాకాహారి’ అని తలలో పెట్టుకుని చదివితే యంగ్-హే మనకి సాధుజీవిలా కనిపిస్తుంది. ఆమె సాధువు కాదు. మనుషుల జాతి నుంచే తప్పుకుని చెట్టు కావాలనుకుంటున్న మనిషి.

రెండోది చుట్టరికం. ఇంగ్లీషులో అన్నిటికీ "ఇన్-లా" అని ఒకే ముద్ర. కొరియన్‌లో మనలాగే ఎవరికి వాళ్ళ పిలుపు ఉంది. భార్య అక్కకి ఒకటి, భార్య చెల్లెలికి ఇంకొకటి, అక్క మొగుడికి మరొకటి. రెండో భాగంలో వీడియో ఆర్టిస్టు, యంగ్-హే ఒంటి మీద పువ్వులు వేసే మనిషి, ఆమెకి బావ. ఆమె అతనికి మరదలు. ఆ మాటలు తెలుగులో అనుకోగానే మీ పెదవి మీద చిన్న చిరునవ్వు వచ్చిందా? అక్కడే ప్రమాదం. మనకి బావా మరదళ్ళ మధ్య సరసం పాటల్లో ఉంది, పెళ్ళిళ్ళలో ఉంది. కొరియాలో అది నోట మాట రానివ్వని తప్పు. ఇంగ్లీషులో ఆ తప్పు బరువు తగ్గుతుంది. మన తలలో అయితే సరసమై కూర్చుంటుంది. ఆ భాగం చదివేటప్పుడు మన ‘మరదలు’ని పక్కకి తోసేసి, ‘కూతురు వరస’ అనుకుని చదివి చూడండి. పువ్వుల రంగు మారిపోతుంది.

నా ఓటు మాత్రం హ్యూమన్ యాక్ట్స్‌కి. కొరియన్‌లో 2014లో, ఇంగ్లీషులో 2016లో వచ్చింది. కొరియన్ పేరుకి అర్థం "బాలుడు వస్తున్నాడు" అని. వచ్చాడు కాదు, వస్తున్నాడు. 1980 మేలో సైనిక పాలన మీద గ్వాంగ్జూ తిరగబడినప్పుడు, వ్యాయామశాలలో వరసగా పడుకోబెట్టిన శవాలకి కాపలా కాసిన బడిపిల్లాడు డాంగ్-హో. మొదటి అధ్యాయమంతా వాడిని "నువ్వు" అని పిలుస్తూ నడుస్తుంది. రెండో అధ్యాయం శవాల కుప్పలో నుంచి ఒక పిల్లాడి ఆత్మ మాట్లాడుతుంది. మూడోది నన్ను నిద్రపోనివ్వలేదు. ప్రచురణ సంస్థలో పనిచేసే అమ్మాయిని విచారణలో ఒకడు ఏడు చెంపదెబ్బలు కొడతాడు. ఆ అధ్యాయాన్ని దెబ్బకి ఒక ముక్కగా విడగొట్టి, ఒక్కో దెబ్బనీ మర్చిపోవాలని ఆమె చేసే ప్రయత్నంగా రాశారు. సెన్సారు నల్లరంగు పులిమిన నాటకాన్ని చివరికి వేదిక మీద నటులు గొంతు లేకుండా, పెదవులు మాత్రమే కదుపుతూ ఆడతారు.

ఈ పుస్తకంలో స్మిత్ చెయ్యి కూడా కుదిరింది. గ్వాంగ్జూ యాస ఇంగ్లీషులోకి రాదు. అనువాదంలో తన సొంత ప్రాంతం యార్క్‌షైర్ యాస ఛాయ కాస్త ఉందని ముందుమాటలో తనే చెప్పుకుంది. తెలంగాణ మాటని కోస్తా తెలుగులో పెట్టినప్పుడు పోయేదేంటో తెలిసిన మనకి ఆ ఒప్పుకోలు విలువ తెలుస్తుంది. 2024 డిసెంబరు 3 రాత్రి కొరియాలో అధ్యక్షుడు మళ్ళీ సైనిక శాసనం ప్రకటించాడు. కొన్ని గంటలకే పార్లమెంటు దాన్ని కొట్టేయించింది. నోబెల్ అందుకోవడానికి హాన్ కాంగ్ స్టాక్‌హోమ్ వెళ్ళిన వారం అది. బాలుడు వస్తూనే ఉన్నాడు.

రచయిత్రిని అడిగితే మాత్రం నా ఓటు చెల్లదు. నోబెల్ రోజు ఫోన్ ఇంటర్వ్యూలో కొత్త పాఠకులకి ఆవిడ చెప్పిన పేరు వి డు నాట్ పార్ట్. ఏ రచయితకైనా కొత్తగా రాసిన పుస్తకమే ముద్దు అని కూడా ఆవిడే అంది. కొరియన్‌లో 2021, ఫ్రెంచిలో 2023 మెడిసిస్ బహుమతి, ఇంగ్లీషులో 2025. దీన్ని అనువదించింది స్మిత్ కాదు, ఇ. యేవన్, పెయిజ్ అనియా మోరిస్. యేవన్ అంతకుముందు గ్రీక్ లెసన్స్‌కి స్మిత్‌తో కలిసి పనిచేసినావిడే. నెల తర్వాత నాకు ఫోన్ చేసినావిడ ఫిర్యాదుకి జవాబు ఇక్కడే దొరికింది. ఆవిడ తెప్పించుకున్న రెండూ ఇవే. గొంతు ఒకటే, వాక్యం తూకం వేరు. స్మిత్ ఎత్తుకునే చోట వీళ్ళు దించుతారు.

కథ ఇది. చెక్కపని చేసే ఇన్‌సన్ వేళ్ళు రంపంలో తెగిపోతాయి. ఆస్పత్రిలో వాటిని తిరిగి కుట్టారు. నరం చావకుండా ఉండాలంటే ప్రతి మూడు నిమిషాలకీ కుట్టిన చోట సూది గుచ్చి రక్తం రప్పించాలి, పగలూ రాత్రీ. ఆ మంచం మీద నుంచి స్నేహితురాలిని బతిమాలుతుంది. జేజు దీవిలో తన ఇంట్లో చిలుక ఒంటరిగా ఉంది, ఈరోజే వెళ్ళి నీళ్ళు పెట్టు, లేకపోతే చచ్చిపోతుంది అని. స్నేహితురాలు మంచు తుపానులో బయల్దేరుతుంది. 1948 ఏప్రిల్ 3న మొదలై ఏళ్ళ తరబడి సాగిన జేజు మారణకాండలో పోయినవాళ్ళు 30,000 దాకా ఉంటారని అంచనా. నవల ఆ చరిత్రలోకి ఈ చిలుక గూటి మీదుగా వెళ్తుంది. గొప్ప పుస్తకమే. కానీ హ్యూమన్ యాక్ట్స్ చదివాకే ఆ సూది ఎక్కడ గుచ్చుకుంటోందో తెలుస్తుంది. అందుకే రెండోది అంటాను.

గ్రీక్ లెసన్స్, మాట పోయిన స్త్రీ, చూపు పోతున్న గ్రీకు పంతులు. ప్రేమకథలు ఇష్టమైతేనే. తొందరలేదు.

ద వైట్ బుక్ అందరికీ కాదు, కానీ ఇంట్లో పసిబిడ్డని పోగొట్టుకున్న వాళ్ళెవరైనా ఉంటే చూసి ఇవ్వండి. తెల్లటి వస్తువుల జాబితా రాసుకుని, ఒక్కోదాని గురించి ఒక్కో పుట రాసిన పుస్తకం. వార్సాలో ఉన్నప్పుడు రాసింది. పుట్టిన రెండు గంటలకే పోయిన అక్క గురించి. ఒంటరి ఇంట్లో నెలలు నిండక ముందే నొప్పులు, 22 ఏళ్ళ తల్లి, చుట్టుపక్కల ఎవరూ లేరు. తనే పొత్తిలిగుడ్డ కుట్టుకుని, తనే పురుడు పోసుకుని, చావకు, దయచేసి చావకు అని బిడ్డతో అంటూనే ఉంది. ఆ బిడ్డ ముఖం చంద్రుడి ఆకారపు రైస్ కేక్‌లా తెల్లగా ఉందట. ఇంగ్లీషులో రైస్ కేక్ అంటే సూపర్‌మార్కెట్ మరమరాల బిళ్ళ గుర్తొస్తుంది. అది కాదు. బియ్యప్పిండి, ఆవిరి. వినాయకచవితి కుడుము మూత తీసిన వెంటనే ఎలా ఉంటుందో అలా. తెలుగువాళ్ళుగా మనం ఇంగ్లీషుని దాటి కొరియన్‌కి దగ్గరగా వెళ్ళగలిగే చోట్లలో ఇదొకటి.

కొనేటప్పుడు ఇంకొక్క మాట. వెజిటేరియన్ పాత కాపీ ఫుట్‌పాత్ మీదో అబిడ్స్ ఆదివారం సంతలోనో దొరికితే ప్రచురణ సంవత్సరం చూసుకోండి. తొలి ముద్రణలు దిద్దుబాట్లకి ముందువి. కథ తెలుసుకోవడానికి చాలు. తప్పులు వెతికే సరదా ఉంటే అదే కొనండి, నా దగ్గరున్నదీ అదే.